చానల్ ఎవరిదైతే పాట వాళ్లదేనా?

యూట్యూబ్‌లో మన దిక్కు జానపద పాట ఏదైనా తెరిచి, కింద డిస్క్రిప్షన్ చదవండి. పాడినవాళ్లు, రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు, మ్యూజిక్ చేసినవాళ్లు, ఆడినవాళ్లు, కెమెరా, డ్రోన్, ఎడిటింగ్, చివరికి పోస్టర్ డిజైన్ దాకా వరుసగా పేర్లుంటాయి. సినిమావాళ్లు కూడా ఇంత ఓపికగా రాయరు. డబ్బు మాత్రం ఆ వరుసలోని ఎవరి ఖాతాకూ నేరుగా పోదు. సబ్‌స్క్రైబ్ బటన్ పక్కన కనిపించే చానల్ పేరు ఎవరిదో, ఆ ఖాతాకు పోతుంది.

వరంగల్, కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు కార్పొరేట్ వేదికల మీద ఎంత ఆధారపడ్డారన్న చర్చ మొదలైతే మాట నేరుగా గూగుల్ మీదికి పోతుంది. పోవాల్సిందే. అక్కడే ఆగితే మాత్రం విషయం సగమే అర్థమవుతుంది. పాటగాడికీ కాలిఫోర్నియా కంపెనీకీ నడుమ ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. ఎవరి దగ్గర ఏది ఇరుక్కుందో విడదీసి చూస్తే, అందులో ఏది విడిపించుకోవచ్చో కూడా తెలుస్తుంది.

ముందు యూట్యూబ్‌కు ఇవ్వాల్సిన మార్కులు ఇచ్చేద్దాం. క్యాసెట్ల కాలంలో పాట బయటికి రావాలంటే హైదరాబాద్‌లో ఏదో ఒక కంపెనీ ఆఫీసు చుట్టూ తిరగాలి. తర్వాత సీడీలొచ్చాయి, ఆ తర్వాత మొబైల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు ఎక్కించే రోజులొచ్చాయి. ఆ కార్డుల్లో ఊరూరా తిరిగిన పాటలకు పాడినవాళ్లకు పైసా ముట్టలేదు, పాడిందెవరో విన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక లెక్క మారింది. హనుమకొండలో ఇంటి పైగదిలో ఒక మైకు, సౌండ్ కార్డు, కంప్యూటర్ పెట్టుకుని రికార్డు చేసిన పాటను వారం తిరక్కుండానే దుబాయ్‌లో లేబర్ క్యాంపులో ఉన్న జగిత్యాల పిల్లగాడు వింటున్నాడు. ఏ కంపెనీ ఆఫీసు మెట్లూ ఎక్కకుండా ఇది జరిగింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆ పాత రోజులు చూడనివాళ్లే.

అయితే పాట ఎక్కించడం వేరు, దాని మీద సంపాదించడం వేరు. యాడ్స్ ఆదాయంలో వాటా రావాలంటే చానల్‌కు కనీసం 1000 మంది సబ్‌స్క్రైబర్లు, గడిచిన 12 నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. 1000, 4000 అన్న గీత 2018లో గీశారు. 4000 గంటలంటే ఎంత? నాలుగు నిమిషాల పాటను మొదటి నుంచి చివరిదాకా 60 వేల సార్లు వినాలి. మధ్యలో వదిలేస్తే ఇంకా ఎక్కువ సార్లు. ఆ గీత దాటని చానల్‌లోని పాటకు యాడ్స్ రావనుకుంటే పొరపాటు. 2021 జూన్ నుంచి చిన్న చానళ్ల వీడియోల మీద కూడా యాడ్స్ వేసుకునే హక్కు యూట్యూబ్ తన నిబంధనల్లో రాసుకుంది, వాటా ఇవ్వకుండానే. గీత దాటాక మామూలు వీడియోల యాడ్స్ ఆదాయంలో 55 శాతం చానల్‌కు వస్తుంది. షార్ట్స్‌లో క్రియేటర్లకు పంచే లెక్కలో వచ్చేది 45 శాతం. ఖాతాలో 100 డాలర్లు నిండితే గాని డబ్బు బ్యాంకులో పడదు.

కొత్తగా పాడే అమ్మాయికి ఈ గీత దాటడం కష్టం. అందుకని అప్పటికే లక్షల మంది సబ్‌స్క్రైబర్లున్న చానల్ దగ్గరికి వెళ్తుంది. చానల్ ఓనరే స్టూడియో, మ్యూజిక్, డాన్సర్లు, కెమెరా ఖర్చు పెట్టుకుంటాడు. పాడినందుకు, రాసినందుకు ఒక్కసారి ఇంత అని చేతిలో పెడతాడు. ఒక్కోసారి అదీ ఉండదు, “ముందుగాల పేరు రానీ” అంటాడు. ఆ పాట ఆడినన్నాళ్లూ నెలనెలా వచ్చే సొమ్ము చానల్‌ది. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టా పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే డబ్బు పడ్డది, దున్నిన కౌలు రైతుకు పడలేదు. యూట్యూబ్‌కు కూడా పట్టాదారే తెలుసు. పాడిందెవరో, రాసిందెవరో దానికి అక్కర్లేదు, చానల్ లాగిన్ ఎవరి చేతిలో ఉందో అదే కావాలి.

చానల్ ఓనర్లను దొంగలుగా చూపించడం సులువే గాని న్యాయం కాదు. పది పాటలు తీస్తే ఆడేది ఒకటో రెండో, మిగిలిన వాటి ఖర్చు ఆయన నెత్తిన్నే. వ్యూస్ ఎందుకు పడిపోయాయో ఆయనకూ ఎవరూ చెప్పరు. నిన్నటిదాకా లక్షల మందికి చూపించిన పాటను ఇవాళ్టి నుంచి ఎందుకు చూపించడం లేదని ఫోన్ చేసి అడగడానికి కరీంనగర్‌లో యూట్యూబ్ ఆఫీసు లేదు. పైనుంచి తన మీద పడ్డ ఒత్తిడిని ఆయన కిందికి, పాడేవాళ్ల మీదికి నెడతాడు. నా లెక్కలో అసలు చిక్కు అక్కడుంది. వేదిక ఎంత వాటా ఇస్తుందన్నది పాటగాడి దాకా రానే రాదు, ఆ వాటా గుమ్మం బయటే ఆగిపోతుంది.

మరి పాడేవాళ్లు బతికేది దేనిమీద? ఎక్కువ భాగం ఈవెంట్ల మీద. జాతరలు, గణేశ్ నవరాత్రులు, బతుకమ్మ సంబురాలు, కాలేజీ ఫంక్షన్లు, ఎన్నికలప్పుడు పార్టీల పాటలు, సభల్లో ధూంధాంలు. వ్యూస్ వాళ్లకు జీతం కాదు, స్టేజీ మీదికి పిలిపించే గుర్తింపు. ఇంకో సంగతి. మన దగ్గర జానపదం అత్యంత గట్టిగా, అత్యంత ఎక్కువ మందికి వినబడేది బరాత్‌లో, డీజే బండి మీద. అక్కడి నుంచి ఎవరికీ ఏమీ రాదు, రావాలని చట్టం కూడా అనదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన వేడుకలను మినహాయింపుల్లో పెట్టింది. బరాత్‌లో పాట వేస్తే అది ఉల్లంఘన కిందికి రాదు. ఆ పాటను రీమిక్స్ చేసి సొంత చానల్‌లో ఎక్కించుకోవడం మాత్రం వస్తుంది. రెండూ ఒకటే అనుకునే డీజేలు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు పాటగాడికీ చానల్ ఓనర్‌కూ మధ్య ఉండాల్సిన ఒప్పంద కాగితం సంగతి. ఒక పాటలో హక్కులు ఒక్కటిగా ఉండవు. సాహిత్యం రాసినవాళ్లది. ట్యూన్ కట్టినవాళ్లది. రికార్డింగ్ మీద హక్కు దాన్ని ఖర్చు పెట్టి చేయించిన నిర్మాతది, అంటే చాలాసార్లు చానల్ ఓనర్‌ది. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు ప్రదర్శకుల హక్కులు 50 ఏళ్లపాటు వేరుగా ఉంటాయి. యూట్యూబ్‌కు ఎక్కిస్తే పాట యూట్యూబ్‌ది అయిపోతుందన్న మాట తరచూ వినబడుతుంది గాని అది నిజం కాదు. అక్కడ మనం ఇచ్చేది వాడుకోవడానికి లైసెన్స్ మాత్రమే, సొంతదారు మారడు. పాట చేతులు మారేది చానల్ ఓనర్‌కూ పాటగాడికీ మధ్య. అక్కడే ఏ కాగితమూ ఉండదు, ఉన్నా చదివి సంతకం పెట్టినవాళ్లు తక్కువ.

ఈ విషయంలో 1957 కాపీరైట్ చట్టం పాట రాసేవాళ్లకు, వాళ్లు ఊహించనంత అండగా ఉంది. 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఫోన్‌లో “సరే అన్నా, తీసుకో” అంటే హక్కు బదిలీ అయినట్టు కాదు. కాగితంలో కాలపరిమితి రాయకపోతే అది ఐదేళ్లే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వదులుకోవడానికి వీల్లేదు. “సర్వహక్కులూ అమ్మేశాను” అని సంతకం పెట్టినా ఆ ముక్క చెల్లదు. ఆ వాటాను ఇవ్వగలిగేది వారసులకు, లేదంటే రాయల్టీలు వసూలు చేసే సంఘానికి. అలాంటి సంఘం ఐపీఆర్ఎస్, 1969 నుంచి ఉంది. సినిమా రచయితలకు దాని పేరు బాగా తెలుసు. ప్రైవేట్ పాటలు రాసే మనవాళ్లలో ఎంతమంది సభ్యత్వం తీసుకున్నారని అడిగితే మాత్రం ఎదుటివాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

ఒగ్గుకథ చెప్పేవాళ్ల సంగతి ఇంకో తీరు. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్న భక్తుల ఇళ్లలో పట్నాలు (రంగుల ముగ్గులు వేసి చేసే మల్లన్న పూజ) వేసినప్పుడు ఒగ్గు పూజారులు గంటల తరబడి కథ చెప్తారు. చుక్క సత్తయ్య లాంటి వాళ్లు ఈ నేల మీద పెంచిన కళ అది. ఇప్పుడు ఊళ్లో ఎవరో ఒకరు దాన్ని ఫోన్‌లో తీసి తన చానల్‌లో పెట్టేస్తారు. మల్లన్న కథ ఎవరి సొత్తూ కాదు, నిజమే. ఆ రాత్రి ఆ బృందం చెప్పిన తీరు మాత్రం వాళ్లదే. వాళ్లను అడగకుండా రికార్డు చేసి ఎక్కించడం ప్రదర్శకుల హక్కును దాటడమే. పేరు వేయించుకునే హక్కు కూడా చట్టం విడిగా ఇచ్చింది. కేసులు పెట్టుకొమ్మని నేను అనను, మన ఊళ్లల్లో అది జరిగే పని కాదు. కెమెరా ఆన్ చేయకముందే చానల్ ఎవరిదని అడగొచ్చు, అంత మాత్రం అలవాటు కావాలి.

ఇక క్లెయిములు, స్ట్రైకులు. ఈ రెంటినీ కలిపి మాట్లాడటం వల్ల సగం గందరగోళం పుడుతుంది. యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ అనే యంత్రాన్ని తెచ్చింది. హక్కుదారులు తమ రికార్డింగులను అందులో పెడితే, కొత్తగా ఎక్కే ప్రతి వీడియోను అది వాటితో పోల్చి చూస్తుంది. కలిస్తే క్లెయిమ్ పడుతుంది. అప్పుడు హక్కుదారు ఆ వీడియో ఆదాయం తీసుకోవచ్చు, వీడియోను ఆపేయొచ్చు, లేదా ఊరికే గమనిస్తూ ఉండొచ్చు. స్ట్రైక్ వేరు. అది హక్కుదారు చట్టపరంగా తొలగించమని అడిగితే వచ్చేది. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోవచ్చు. కంటెంట్ ఐడీని చిన్నవాళ్లకు నేరుగా ఇవ్వరు, పెద్ద కంపెనీలకు, పాటలను యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్లకు ఉంటుంది. పాటగాడి మీద అది పనిచేస్తుంది గాని, పాటగాడు దాన్ని పనిచేయించుకోవాలంటే నడుమ ఇంకొకరికి వాటా ఇవ్వాలి.

జానపదానికి ఈ యంత్రంతో ప్రత్యేకమైన పేచీ ఉంది. ఉయ్యాల పాట బాణీ మీద ఎవరికీ సొంత హక్కు లేదు, తరాల నుంచి అందరూ పాడుతున్నదే. దాన్ని ఒకరు రికార్డు చేస్తే ఆ రికార్డింగ్ మీద మాత్రం హక్కు ఉంటుంది. కంటెంట్ ఐడీ శబ్దాన్నే కాదు, బాణీని కూడా పోల్చగలదు. అందరిదైన బాణీకీ ఒకరిదైన రికార్డింగ్‌కూ తేడా దానికి ప్రతిసారీ తెలియదు. దీనికి తోడు మన స్టూడియోల్లో చాలామంది కీబోర్డ్ ప్లేయర్లు అవే లూప్‌లు, అవే డప్పు శాంపిళ్లు వాడతారు. ఇద్దరు వేర్వేరుగా చేసిన పాటల్లో ఒకే దరువు వినబడితే యంత్రం ఒకరిని ఇంకొకరి మీదికి ఉసిగొల్పుతుంది.

క్లెయిమ్ తప్పయితే వివాదం వేయొచ్చు. క్లెయిమ్ వేసినవాళ్లకు జవాబు చెప్పడానికి 30 రోజుల గడువు. బతుకమ్మ ఆడేది తొమ్మిది రోజులు. మేడారం మహాజాతర రెండేళ్లకొకసారి, నాలుగు రోజులు. ఆ పాటలకు ప్రాణం అంతా పండుగకు ముందు రెండు మూడు వారాల్లోనే. ఐదు రోజుల్లోపు వివాదం వేస్తే క్లెయిమ్ పడ్డ రోజు నుంచి వచ్చే ఆదాయాన్ని పక్కన పెట్టి, గెలిచినవాళ్లకు ఇస్తారు. కానీ వీడియోనే ఆపేస్తే పక్కన పెట్టడానికి ఆదాయం ఎక్కడిది? సద్దుల బతుకమ్మ వెళ్లిపోయాక గెలిచిన వివాదంతో చేసేదేముంది? జాతర గడియారం, యూట్యూబ్ గడియారం ఎన్నటికీ కలవవు. యూట్యూబ్ ఇచ్చే 55 శాతం తక్కువా ఎక్కువా అని వాదించుకోవడం కన్నా ఈ గడువు మీద మాట్లాడుకోవడం ముఖ్యమని నేననుకుంటాను.

స్ట్రైక్ పడ్డప్పుడు కౌంటర్ నోటీసు ఇచ్చే దారి ఉంది. అందులో పేరు, చిరునామా రాయాలి, అవి అవతలివాళ్లకు పోతాయి. అమెరికా బయట ఉన్నవాళ్లు యూట్యూబ్ ఉన్న చోటి కోర్టు పరిధికి ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి. హుజూరాబాద్‌లో డోలక్ వాయించే మనిషి కాలిఫోర్నియా కోర్టుకు ఒప్పుకుంటాడా? ఒప్పుకోడు. అందుకే మన దిక్కు ఈ పంచాయితీలు ఎక్కువగా ఫోన్ల మీదే తెగుతాయి: “జర ఆ స్ట్రైక్ తీసెయ్ అన్నా, పండుగ అయిపోతున్నది.” తెగినప్పుడు బాగానే ఉంటుంది. ఓనర్లిద్దరికీ పడకపోతే నష్టపోయేది నడుమ ఉన్న పాటగత్తె. అంతకన్నా ఘోరం, ఆమె పాటకు ఏ తప్పూ లేకున్నా, అదే చానల్‌లోని వేరేవాళ్ల పాటల మీద మూడు స్ట్రైకులు పడి చానల్ ఎగిరిపోతే ఆమె పాటా దానితోనే పోతుంది.

స్పాటిఫై, జియోసావన్ లాంటి ఆడియో యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను, మన జానపదానికి అవి ఇంకా పక్కదారే. అక్కడికి పోవాలంటే డిస్ట్రిబ్యూటర్ కావాలి. కొందరు ఏటా ఫీజు తీసుకుంటారు, కట్టడం ఆపితే పాటలు దిగిపోయే పద్ధతులు కూడా ఉన్నాయి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి 1000 స్ట్రీములు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ లేదు. డబ్బు పంచే తీరు ఇంకా విచిత్రం. అందరి చందాలు ఒక్క దగ్గర పోసి, మొత్తం స్ట్రీముల్లో ఎవరి వంతు ఎంతో చూసి పంచుతారు. వరంగల్‌లో ఒకాయన నెలంతా ఒగ్గుకథ తప్ప ఇంకేమీ వినకపోయినా ఆయన చందా ఎక్కువగా సినిమా పాటలకే చేరుతుంది. 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. రెండు గంటల కథ ఒకే ట్రాక్‌గా పెడితే అదీ ఒక స్ట్రీమే. వీక్షణ గంటలు లెక్కపెట్టే యూట్యూబే ఒగ్గు బృందానికి నయం.

ఏ వేదికా శాశ్వతం కాదన్నది కొత్త మాటేమీ కాదు గాని, ఎంత త్వరగా పోతాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2020 జూన్‌లో టిక్‌టాక్ నిషేధంతో మన పల్లెల్లో పాడి, ఆడి పేరు తెచ్చుకున్నవాళ్ల ఫాలోవర్లంతా ఒక్కసారిగా మాయమయ్యారు. 2024 జనవరి ఆఖరుకు రెస్సో అనే పాటల యాప్ ఇక్కడ మూతపడింది, అదే ఏడాది ఎయిర్‌టెల్ వింక్ మ్యూజిక్‌ను ఎత్తేసింది. బయట కూడా ఇంతే. స్వతంత్ర కళాకారుల స్వర్గంగా పేరున్న బ్యాండ్‌క్యాంప్‌ను 2022లో ఎపిక్ గేమ్స్ కొన్నది, 2023లో సాంగ్‌ట్రేడర్‌కు అమ్మేసింది, ఆ వెంటనే సగం మంది ఉద్యోగాలు పోయాయి. మైస్పేస్ అనే పాత సోషల్ సైట్ అయితే 2015కు ముందు ఎక్కించిన పాటలన్నీ సర్వర్ మార్పిడిలో పోయాయని 2019లో చల్లగా చెప్పింది. ఇంట్లో కాపీ పెట్టుకోనివాళ్ల పాటలు ఇక లేవు.

దీనికి మందుగా మనమే ఒక యాప్ పెట్టుకుందాం, ప్రభుత్వం పెట్టాలి అనేవాళ్లున్నారు. నాకు నమ్మకం లేదు. వినేవాళ్లు యాప్‌ను చూసి రారు, పాట ఎక్కడ దొరికితే అక్కడికి పోతారు. పెళ్లిపిలుపు నుంచి క్రికెట్ దాకా అన్నీ చూసే చోటనే జానపదమూ చూస్తారు. యూట్యూబ్‌ను వదలమనడం పాటగాడిని పాట మానుకోమనడంతో సమానం. చేయగలిగింది చిన్నది. పెద్ద చానల్‌కు పాడినా సొంత పేరుతో ఒక చానల్ నడుపుకోవడం, దాని లాగిన్ తన ఫోన్ నంబర్ మీదే ఉంచుకోవడం. స్టూడియో నుంచి మిక్స్ చేసిన ఫైలే కాదు, గొంతు, డప్పు, కీబోర్డ్ విడివిడి ట్రాకులు కూడా హార్డ్ డిస్క్‌లో తెచ్చుకోవడం. పాటకు ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగ్‌కు ఇచ్చే గుర్తింపు నంబర్) వచ్చి ఉంటే రాసిపెట్టుకోవడం, డిస్ట్రిబ్యూటర్ మారినా పాత లెక్క దానితోనే నడుస్తుంది. ఈవెంట్లకు పిలిచినవాళ్ల నంబర్లు ఒక పుస్తకంలో ఉంచుకోవడం, ఆ నంబర్లను ఏ నిషేధమూ తుడిచేయదు. అన్నిటికన్నా ముందు ఒక పేజీ కాగితం. ఏ పాట, ఎంత కాలం, ఎన్ని రూపాయలు, వ్యూస్ ఆదాయంలో ఎంత వాటా, ఎవరి పేరు ఎక్కడ వేయాలి. తెలుగులోనే రాసుకోవచ్చు, ఇద్దరూ సంతకం పెడితే చాలు.

ఆ కాగితం ఎక్కడ పనికొస్తుందంటే, ఒక రచయిత 2019లో తనే రాసి, ట్యూన్ కట్టిన పాటను ఒక చానల్‌కు ఇచ్చి సంతకం చేశాడనుకోండి. అందులో గడువు రాయలేదు. చట్టం లెక్కన 2024తో ఐదేళ్లు నిండాయి, సాహిత్యం, ట్యూన్ తిరిగి ఆయనవే. పాత రికార్డింగ్ మాత్రం ఇంకా చానల్‌దే. ఆయన ఆ పాటను కొత్త గొంతుతో మళ్లీ రికార్డు చేసి సొంత చానల్‌లో ఎక్కించుకోవచ్చు. ఎక్కించిన రోజే పాత వీడియో తరఫున క్లెయిమ్ పడే అవకాశం కూడా ఉంది, బాణీ ఒకటే కాబట్టి. అప్పుడు వివాదం ఫారంలో రాయాల్సినవి ఇవి: రాసింది నేను, ట్యూన్ కట్టింది నేను, ఈ రికార్డింగ్ వేరే, ఒప్పందం తేదీ ఇది. ఆ తేదీ తెలియాలంటే 2019లో సంతకం పెట్టేటప్పుడు ఒక కాపీ తన దగ్గర ఉంచుకుని ఉండాలి.